చూడకుండా గీసిన చవితి చంద్రుడు

మా పెద్ద బిడ్డను బడిలో చేర్చుకోని సంగతి ఎవరికి చెప్పినా, "అంత చిన్న మాటకు ఇన్నేళ్ళ కోపమా?" అంటారు. అది చిన్న మాటో కాదో చదివినవాళ్ళే చెప్పాలి.

రష్యావాళ్ళు ఆకాశంలోకి ఒక గోళాన్ని వదిలారని హోటల్ రేడియో మోగిపోయిన ఏడాదికి తర్వాతి ఏడు. ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచారు. నేను బిడ్డకు నూనె రాసి, గట్టిగా జడ వేసి, ఉతికిన గౌను తొడిగి తీసుకుపోయాను. పెద్దసారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ పిల్లలు.

"సూర్యుడు ఎప్పుడొస్తడు?" అని అడిగాడు.

"పొద్దుగాల," అంది నా బిడ్డ.

"మరి చందమామ?"

అది కాస్త ఆలోచించింది. "పొద్దుగాలనే," అంది.

ముందు పెద్దసారు నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పిల్లలందరూ నవ్వారు. నా బిడ్డ అబద్ధం చెప్పలేదు. మేము ఇల్లు దాటేటప్పుడు ఎండ వచ్చేసింది, అయినా పడమటి దిక్కున ఒక పక్క అరిగిన చంద్రుడు దూదిపింజలా తెల్లగా కనిపిస్తూనే ఉన్నాడు. నాకు వేలు పెట్టి చూపించింది అదే.

"సారూ, జర బయటికొచ్చి సూడుండ్రి. ఇంకా గక్కడనే ఉన్నడు," అన్నాను.

"నాకు చెప్తున్నవా అమ్మా? దీన్ని ఇంకో ఏడాది ఇంటికాడ ఉంచుకో. జర బుద్ధి రానీ," అన్నాడు ఆయన.

గడప దాటి తల ఎత్తితే సరిపోయేది. ఆ మనిషి కుర్చీలోంచి లేవలేదు.

ఆ రోజు నుంచి నా బిడ్డ గడప దాటితే నోరు విప్పలేదు. ఇంట్లో మాట్లాడేది, అది కూడా గుసగుసగా. బెల్లానికి పంపితే దుకాణంలో వేలు పెట్టి చూపించి తెచ్చేది. చుట్టాలు వస్తే మగ్గం వెనక దాక్కునేది. వానాకాలం సగమైపోయినా అదే తీరు. బడి లేకపోతే చదువు నేనే చెప్పుకుంటాను. మాట పోతే దాన్ని నేను ఎక్కడి నుంచి తేను? ఆ భయం నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు.

నాకేం చదువు వచ్చని అడగవచ్చు. అడిగారు కూడా. మా బాపు పెద్దపల్లి స్టేషనులో పనిచేసేవాడు, నేను అక్కడ ఉర్దూ బడిలో చదివాను. నిజాం పోయాడు, బడులు తెలుగులోకి మారాయి, నా చదువు చదువే కాకుండా పోయింది. "మా వదినెకు అలీఫ్ బే తప్ప ఏమత్తది?" అని మా ఆడబిడ్డ పెళ్ళి పందిట్లో నలుగురి ముందు అంది. తెలుగు అక్షరాలు నేను దుకాణంలో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. అదే తెలుగులో ఇది రాస్తున్నాను.

చంద్రుడి దగ్గరే పడ్డాం కాబట్టి చంద్రుడి దగ్గర నుంచే లేవాలని పట్టుపట్టాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి ఇంకా అయిదు నిండలేదు, దాని నోటికి అడ్డు లేదు. ఇద్దరికీ కలిపి పాఠం మొదలుపెట్టాను.

మొదటి పాఠం జొన్నరొట్టె. పున్నమినాడు ఇద్దరికీ గుండ్రంగా చెరొక రొట్టె చేసి ఇచ్చి, "ఇదే చంద్రుడు," అన్నాను. మర్నాటి నుంచి పొద్దున్నే లేచి, ఆకాశంలో ఉన్న చంద్రుణ్ణి చూసి, ఏ పక్క ఎంత తగ్గిందో ఆ పక్క అంతే కొరకాలి. పెద్దది రొట్టెను కంటి ముందు పట్టుకుని, ఒక కన్ను మూసి, కొలిచి కొలిచి కొరికేది. చిన్నది రెండు పక్కలా కొరికి నాకు చూపించింది.

"గిదేందే?" అన్నాను.

"నా చంద్రునికి ఎక్కువ ఆకలైంది," అంది.

పెద్దది పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో! మా అత్త రాట్నం ఆపి మరీ మా వంక చూసింది. "తినే రొట్టెతోని ఆటలేందే? గిదేం సదువు?" అంది. ఆమెతో నాకు ఒక పాత లెక్క ఉంది, తర్వాత చెప్తాను.

అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు మా వాడలో మగ్గం ఆడదు. తక్కిన రోజుల్లో తెల్లవారింది మొదలు చప్పుడే చప్పుడు, ఆ రోజు మాత్రం పిట్టలు కూసినా వినిపిస్తుంది. "చప్పుడు లేదంటే చంద్రుడు లేడు," అని పెద్దది నా చెవిలో చెప్పింది. నేను చెప్పిన పాఠం కాదది. ఆ మాటకు నాకు ఒళ్ళు పులకరించింది. మగ్గం నేసే సాలోళ్ళ బిడ్డ గనక చెవితో కూడా చంద్రుణ్ణి కనిపెట్టింది.

ఆ సాయంత్రం నుంచి అసలు పని మొదలు. మా ఇంటి గోడకు కింది భాగమంతా జాజు పూసి ఉంటుంది, ఎర్రగా. రోజూ పొద్దు గూకగానే చంద్రుణ్ణి చూసి, సున్నంలో వేలు ముంచి ఆ జాజు మీద గీయాలి. అమావాస్యకు ఏమీ లేని ఒక గుండ్రటి గీత. మర్నాడు మబ్బు. విదియనాడు పడమట సన్నగా, గోరు కత్తిరించి పడేసినట్టు నెల పొడిచింది. ఇద్దరూ ఎగిరి గంతులు వేశారు. తదియనాడు ఇంకొంచెం బలిసింది. పెద్దది నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి గీసింది, కొమ్ములు ఏ దిక్కు చూస్తున్నాయో ఆ దిక్కే. ఆ రెండు గీతలు పక్కపక్కన చూసుకుని నాకే గుండె కొట్టుకుంది. మరునాడు ఎంతవుతుందో, ఎల్లుండి ఎంతవుతుందో! నా పెళ్ళికి కూడా నేను అంత ఆత్రపడలేదు.

మా అత్త ఆ గోడ చూసింది. "పండుగకని మొన్నమొన్ననే జాజు వూసిన గద! అంత ఖరాబు చేసిండ్రు. రేపేందో ఎరికేనా? వినాయక చవితి. రేపు చంద్రుణ్ణి సూడొద్దు. సూత్తె నీలాపనిందలు," అంది.

నాకు నిజంగానే గుర్తులేదు. వరుసలో సరిగ్గా మధ్యలో ఒక రోజు కళ్ళు మూసుకోవాలి.

నా మటుకు నాకు ఆ భయం లేదు. ఎందుకు లేదో చెప్తాను. నేను కాపురానికి వచ్చిన ఏడు చవితినాడు తల ఎత్తకుండా, మా అత్త చెప్పినట్టే ఇంట్లో కూర్చున్నాను. ఆ వారమే ఇంట్లో వెండిగిన్నె కనిపించలేదు. "కొత్తగ అచ్చినోళ్ళు తప్ప ఇంట్ల ఎవలున్నరు?" అని మా అత్త గోడకు చెప్పినట్టు చెప్పింది. కొన్నాళ్ళకు గిన్నె గడ్డివామిలో దొరికింది. మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. చంద్రుణ్ణి చూడకుండానే నింద పడ్డదాన్ని, చూస్తే నాకు కొత్తగా ఏం వస్తుంది?

"మనం సూద్దాం బిడ్డా," అన్నాను పెద్దదానితో.

అది తల అడ్డంగా ఊపింది. కళ్ళనిండా నీళ్ళు. "వద్దవ్వా. నేనేం తప్పు చెయ్యకముందే నవ్విండ్రు. సూత్తె ఇంకా ఏమంటరో," అంది.

పెద్దసారు ఆ రోజు కుర్చీలో కూర్చుని నవ్విన నవ్వు ఎంత లోతుకు దిగిందో అప్పుడు తెలిసింది. పోనీ ఆ ఒక్క రోజు వదిలేద్దామా అంటే, అదీ వద్దంటుంది. జాజు మీద ఖాళీ జాగాను వేలితో తడుముతుంది. "గీ రోజు లేకుంటే వరుస తెగుతది," అంటుంది. పోగు తెగితే ముడి వేయకుండా ముందుకు పోనివ్వని ఇంట్లో పుట్టింది మరి.

మా ఆయన మగ్గం గుంటలోంచే విన్నాడు. "సూడక గీసుడెట్లనే? ఎవలన్న గీసిండ్రా?" అన్నాడు.

ఎవరూ గీయలేదంటే నాకు పట్టుదల పెరుగుతుంది. మా ఇంట్లో తెగిన పోగులు ఒక బుట్టలో పడి ఉంటాయి. ముగ్గురం కూర్చుని తెల్ల పోగులన్నీ ఉండ చుట్టాం, బత్తాయి పండంత. దాన్ని వెదురుపుల్లకు గుచ్చాం. పండుగనాడు పూజ అయిపోయి, కథ చదువుకుని, అక్షింతలు వేసుకున్నాక, పొద్దు గూకే వేళకు మగ్గం ఉన్న గదిలో తలుపులు, కిటికీ మూసేశాను. మూలన కందిలి వెలిగించి పెట్టాను. అది సూర్యుడు. పెద్దది నడుమ నిలబడింది. అది మనం ఉన్న భూమి. చేతిలో నూలుఉండ చంద్రుడు.

"కందిలి దిక్కు సూడు. ఉండ ఎట్లున్నది?"

"నల్లగున్నది. అమావాస్య."

"ఇగ ఎడమకు జరంత తిరుగు."

అది కాళ్ళు కదపకుండా తిరగబోయి పడబోయింది. మళ్ళీ నిలబడి, ఉండను చాపి పట్టుకుని, కొంచెం కొంచెం తిరిగింది. ఉన్నట్టుండి, "అవ్వా!" అని కేక వేసింది. ఉండకు కుడి అంచున సన్నటి వెలుగు.

"విదియ! అవ్వా, విదియ!"

నేను కూడా అది అంతకుముందు చూడలేదు. రైలుబాట పక్కన, బాపు చేతి లాంతరు ముందు బంతి పట్టుకుని ఆడినప్పుడు ఏదో చూసిన గుర్తు, అంతే. అదే నమ్ముకుని చేశాను. ఇంకొంచెం తిరిగితే తదియ. గోడ మీది గీతకు సరిపోయింది. చిన్నది కందిలి ముందుకు వచ్చి నిలబడి చంద్రుణ్ణి మింగేసింది. దాన్ని పక్కకు లాగాం. ఇంకొంచెం తిరిగితే వెలుగు ఇంకొంచెం బలిసింది.

"గిదే చవితి," అంది పెద్దది, గాలి పీల్చడం కూడా మరిచిపోయి. పలక తెచ్చి ఇచ్చాను. గీసింది. కొమ్ముల వంపు తదియను చూసి తీసుకుంది, లావు ఉండను చూసి తీసుకుంది.

సరే, గీసింది. అది సరైనదని ఎవరు చెప్తారు? దారి ఒకటే ఉంది. మా ఇంటికి తూర్పున నడుము ఎత్తు మట్టిగోడ, గోడకు అవతల ముసలి తురకామె. కొడుకుది గాజుల దుకాణం. పిల్లలు ఆమెను దాదీ అనేవాళ్ళు. ఆమెకు చవితి పట్టింపు లేదు. పైగా రంజాన్ నెలవంక వాడలో అందరికన్నా ముందు తనకే కనిపిస్తుందని గొప్ప. మధ్యాహ్నమే చిన్నదాని పలక ఆమెకు ఇచ్చి వచ్చాను. "చాంద్ కనవడంగనే గీసి పెడ్తవా దాదీ?" అని అడిగాను.

"హౌ, గీస్త. గీ కండ్లు ఎవరివి? ఫికర్ నక్కో, దిగులు వడకు," అంది.

చీకటి పడకముందే బయలుదేరాం. ఊరేగింపు చూడాలి మమ్మల్ని. పెద్దది నా కొంగు నెత్తిన కప్పుకుని నేలను చూస్తూ, చిన్నది రెండు చేతులతో కళ్ళు మూసుకుని, వెనక మా అత్త, పిల్లలు తల ఎత్తకుండా కాపలా. గోడ దగ్గర తూర్పు మొహంగా నిలబడ్డాం. చంద్రుడు మా వీపుల వెనక. దాదీకి మాత్రం మా తలల మీదుగా ఎదురుగా ఉన్నాడు. ఆమె చూసింది, పలక ఒళ్ళో పెట్టుకుని బలపంతో గీసింది, మళ్ళీ చూసింది, దిద్దింది.

"హోగయా," అని పలకను గోడ మీద పెట్టింది.

నా బిడ్డ తన పలకను దాని పక్కన పెట్టింది. రెండూ ఒకదానికొకటి ఎదురు! మా కొమ్ములు పైకి, ఎడమకు. దాదీవి కిందికి, కుడికి.

"సూసినవా, నేను చెప్పలే?" అని మా అత్త మొదలుపెట్టింది. దాదీ బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు కూడా నేను మనసులో రాసిపెట్టుకుంటున్నాను. ఇంక నా బిడ్డ మగ్గం వెనక నుంచి బయటికి రాదు అనుకున్నాను. దాని మొహం చూడడానికి ధైర్యం చాలలేదు.

అది మాత్రం పలకలనే చూస్తోంది. మెడ ఒక పక్కకు వంచింది. ఇంకో పక్కకు వంచింది.

"దాదీ, నీ పలక నాకు తలకిందులున్నది," అంది.

బయట. గోడ దగ్గర. వినపడేట్టు.

దాదీ ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత కావాలనే మూతి ముడిచింది. "అరె, నేనెందుకు తలకిందులు వెడ్త? నాకు సీదానే ఉన్నది. నీదే ఉల్టా."

"నువ్వు గోడకు గా దిక్కున్నవు. నేను గీ దిక్కున్న. నీకు సీదా అయితె నాకు ఉల్టా అయితది. పలక తిప్పు!"

"తిప్ప. నేను చాంద్‌ను సూసిన. నువ్వు సూసినవా?"

"నువ్వు సూసినవ్! నేను చేసిన!" అని అరిచింది నా బిడ్డ. "కందిలి వెట్టి, ఉండ వట్టుకొని చేసిన! నాది తప్పెట్లయితది?"

దాదీ పలక మీద చెయ్యి అడ్డం పెట్టింది. నా బిడ్డ ఆ చేతిని తోసింది. దాదీ వదల్లేదు. ఇక లాభం లేదని కొంగు నాకు విసిరేసి, దర్వాజా దాటి, సందులోంచి తిరిగి దాదీ వాకిట్లోకి ఉరికింది. ఆమె పక్కన నిలబడి, గోడ మీది పలకను ఆమె దిక్కు నుంచే చూసి, తల ఎత్తింది.

"అయ్యో, తల ఎత్తకే!" మా అత్త కేక వాడంతా మోగింది.

ఆలస్యమైపోయింది. చవితి చంద్రుడు మా ఇంటి పెంకుల మీద ఉన్నాడు, దాని ఎదురుగా. అది నోరు తెరుచుకుని చూసింది. గోడ మీద నుంచి తన పలకను తీసుకుని, తన దిక్కుకు తిప్పి, ఆకాశానికి ఎదురుగా పట్టుకుంది.

"గట్లనే ఉన్నది! అవ్వా, గట్లనే ఉన్నది! నేను చేసినట్లనే అచ్చిండు!"

నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. ఎందుకు చూడకూడదు? పలకలోది పైకి ఎగిరి కూర్చున్నట్టు ఉంది. చిన్నది ఎప్పుడో వేళ్ళ సందుల్లోంచి చూసేసిందట.

మా దగ్గర ఒక నమ్మకం ఉంది. చవితి చంద్రుణ్ణి చూసినవాళ్ళు ఎవరి ఇంటి మీదనైనా రాయి వేసి తిట్లు తింటే, రావలసిన నింద ఆ తిట్లతో తీరిపోతుందని. మా అత్త నెత్తి కొట్టుకుంటూ గులకరాయి ఏరి పెద్దదాని చేతిలో పెట్టింది. "దాదీ ఇంటి మీదనే వెయ్యి. జల్ది!"

వేసింది. పెంకు మీద టక్కుమంది. దాదీకి సంగతి తెలియనిది కాదు, ఏటా ఎవరో ఒకరి రాయి పడే ఇల్లే. నడుముకు చెయ్యి పెట్టుకుని, ఉర్దూలో, తెలుగులో, రెండూ కలిపి, ముచ్చటగా తిట్టింది. తిట్లు తిన్నవాళ్ళు తల వంచుకుని రావాలి. నా బిడ్డ మాటకు మాట చెప్పింది. "పెంకు వలగలే! నువ్వు నా పలక తిప్పలే, నేను నీ పెంకు వలగ్గొట్టలే!" అంది. వాడలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి చూశారు. మా అత్త, "తిట్లు తినుమంటె తిడ్తున్నదేందే గీ పిల్ల? ఇగ నింద ఎట్ల వోవాలె?" అని పరేషాన్ అయింది.

దాదీ పలకను అట్లా పెట్టడం తెలియకనో తెలిసో నేను తర్వాత చాలాసార్లు అడిగాను. నవ్వేది గానీ చెప్పేది కాదు. చెప్పకుండానే పోయింది. అందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

దసరా సెలవుల తర్వాత మళ్ళీ తీసుకుపోతే పిల్లను బడిలో చేర్చుకున్నారు. పెద్దసారు పేరు రాసుకున్నాడు, మమ్మల్ని అంతకుముందు చూసిన గుర్తు కూడా ఆయన మొహంలో లేదు. ఆ సంగతి మీద నేను ఇంకా చాలా రాయగలను, ఇప్పుడు కాదు.

అసలు చెప్పాల్సింది ఆ చవితి మర్నాడు, పంచమి సాయంత్రం సంగతి. చవితినాటి గొడవ విన్న పిల్లలందరూ పొద్దు గూకకముందే మా అరుగు ముందుకు వచ్చేశారు. పెద్దది అప్పటికే ఉండ పట్టుకుని పంచమిని చేసింది, పలక మీద గీసి బోర్లా పెట్టింది. చంద్రుడు రాకముందు ఎవరికీ చూపించనంది. పడమట మబ్బు. పిల్లలు గోల. "అత్తడా రాడా?" అని ఒకటే తోపులాట.

అది అరుగెక్కి నిలబడింది. "ఆగుండ్రి! మబ్బు జరుగుతున్నది! ముంగటోళ్ళు కూసోండ్రి, ఎనుకోళ్ళకు కనవడ్తలేదు! కొమ్ములెటున్నయో సూసి చెప్పుండ్రి, ఉత్తగ చంద్రుడు చంద్రుడు అనకుండ్రి!"

ఇంట్లో మగ్గం ఆగింది. అమావాస్య కాదు, పండుగ కాదు. మా ఆయన గుంటలోంచి లేచి, భుజం మీద తువ్వాలతో గడప దాకా వచ్చాడు.

"ఎవలదే గా గొంతు?" అని అడిగాడు.

"మన పెద్దదానిది," అన్నాను.

ఆయన నమ్మలేదు. అరుగు దిగి, పిల్లల వెనక నిలబడి, వాళ్ళతోపాటు మెడ చాచాడు.